చొక్కాకు పట్టిన సిగరెట్ వాసన



నిన్న ఉతికి ఆరేసిన చొక్కాని ఇస్త్రీ చేద్దామని బల్ల మీద పరుస్తాం. వేడెక్కిన పెట్టె కాలరు మీద పడీ పడడంతోనే గుప్పుమని సిగరెట్ వాసన కొడుతుంది. "సబ్బు చాల్లేదు కాబోలు" అనుకుని మళ్లీ బకెట్లో పడేస్తాం. సిగరెట్ కాల్చే మగవాళ్లున్న ఇళ్లలో ఇది రోజూ ఉండే భాగోతమే. కాల్చేవాళ్లు లేని ఇళ్లకు మాత్రం తప్పిందా? పెళ్లికి వెళ్లొచ్చిన పట్టుచీర, ఎవరిదో కారులో ప్రయాణం చేసొచ్చిన శాలువా, హాస్టలు నుంచి సెలవులకు వచ్చిన పిల్లాడి దుప్పటి, అన్నీ ఆ వాసన మోసుకొచ్చేవే.

ఈవేళ ఆ వాసన గురించే ముచ్చటించుకుందాం. అదెలా పడుతుంది, ఎందుకు వదలదు, ఏ బట్టకి ఏం చేస్తే వదులుతుంది అన్నవి చెబుతాను. దానికంటే ముందు, ఈ విషయం నాకు ఎందుకు పట్టిందో చెప్పాలి.

కిందటేడు మా అక్క కూతురు మూడు నెలల బిడ్డనెత్తుకుని పది రోజులుండి పోదామని మా ఇంటికి వచ్చింది. నలభైల్లోనే అమ్మమ్మనైపోయానన్న సంబరం నాకు. మావారికైతే వాణ్ణి చూస్తే ప్రాణం. ఆఫీసు నుంచి రాగానే బాల్కనీలోకి వెళ్లి ఒక సిగరెట్ కాల్చుకుని, నోరు పుక్కిలించుకుని వచ్చి మరీ వాణ్ణి ఎత్తుకునేవారు. ఇంట్లో కాల్చరు, పిల్లాడి ముందు అసలే కాల్చరు. ఇంకేం కావాలి అనుకున్నాను నేను.

మూడో రోజున బట్టలు నానబెడుతుంటే ఒక విషయం కంటబడింది. పిల్లాడి చొక్కాలు పొద్దుటివి రెండే ఉన్నాయి. సాయంత్రానివి మాత్రం నాలుగున్నాయి. పాలు కక్కిన మరకలు లేవు, తడి లేదు, శుభ్రంగానే ఉన్నాయి. ఒకటి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. సిగరెట్ వాసన! మూడు నెలల పసివాడి చొక్కాకి!

"ఏమే, బాబాయ్ ఎత్తుకున్నప్పుడల్లా వాడికి బట్టలు మారుస్తున్నావా?" అని అడిగాను.

పిల్ల తల వంచుకుంది. "బాబాయ్‌కి ఎలా చెప్పను పిన్నీ? అంత ముద్దుగా ఎత్తుకుంటుంటే" అంది.

ఆ మాట నన్ను రెండు రోజులు నిద్ర పోనివ్వలేదు. ఇరవై ఏళ్లుగా ఆ చొక్కాలు ఉతుకుతున్నదాన్ని నేనే. వాసన వచ్చినప్పుడల్లా కాస్త సెంటు చల్లి బీరువాలో పెడుతున్నదాన్నీ నేనే. నేను పోగొట్టింది వాసనని కాదు, వాసన ఉన్నదన్న సంగతిని. అప్పటినుంచే దీని వెనక ఏముందో తెలుసుకోవడం మొదలుపెట్టాను. నేను పదో తరగతితో చదువు చాలించినదాన్ని. నాకు అర్థమైన మాటల్లోనే చెబుతాను, మీకూ అర్థమవుతుంది.

పొగాకు మనకి పరాయి సరుకు కాదు. ప్రకాశం, గుంటూరు ప్రాంతాలు పొగాకుకి పేరుపడ్డవి, పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరులోనే ఉంది. శ్రీకాకుళం, విశాఖ వైపు పెద్దవయసు ఆడవాళ్లు చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగడం మీలో కొందరు చూసే ఉంటారు. తాతగారి కండువా వాసన, పెదనాన్నగారి కోటు వాసన అంటూ మనం ప్రేమగా తలుచుకునేవాటిలో సగం పొగాకు వాసనే. చిన్నప్పుడు బస్సెక్కి వచ్చినా, రెండో ఆట సినిమా చూసి వచ్చినా జడకీ పైటకీ ఆ వాసనే. 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ స్థలాల్లో పొగ తాగకూడదన్న నిబంధన దేశమంతటా అమల్లోకి వచ్చాక ఆ బెడద చాలావరకు తగ్గింది. కాని తాగేవాళ్లు ఇంటికొచ్చి బాల్కనీలోనో, డాబా మీదో నిలబడుతున్నారు. అక్కడి పొగ వాళ్ల బట్టల మీదుగా లోపలికి వస్తూనే ఉంది.

ఇంతకీ ఆ వాసన అంటే ఏమిటి? మల్లెపూల వాసనలా గాలిలో వచ్చి గాలిలో పోయేది కాదు. సిగరెట్ పొగలో 7,000కి పైగా రసాయనాలున్నాయనీ, వాటిలో 70 దాకా కాన్సరు తెచ్చిపెట్టేవనీ శాస్త్రజ్ఞులు లెక్క తేల్చారు. పొగ మన కంటికి తేలిగ్గా కనిపిస్తుంది కాని, అది కంటికి ఆనని సన్నటి తుంపరల గుంపు. ఆ తుంపరల్లో జిడ్డుగా ఉండే తారు ఉంటుంది, నికోటిన్ ఉంటుంది. అవి బట్ట మీద వాలి, దారపు పోగుల మధ్యకి దూరి, అక్కడ అతుక్కుపోతాయి. వంటింటి గోడకి పోపు జిడ్డు పట్టినట్టే అనుకోండి. పోపు వేసిన రోజున కనబడదు, ఏడాది తరవాత చెయ్యి పెడితే అంటుకుంటుంది. కాబట్టి చొక్కాకి వాసన వస్తోందంటే పొగలోని పదార్థం ఇంకా ఆ చొక్కాలోనే కూర్చుని ఉందన్నమాట.

వేడి తగిలినా, చెమ్మ తగిలినా అది మళ్లీ గాలిలోకి లేస్తుంది. ఇస్త్రీ పెట్టె కింద గుప్పుమనడానికీ, వానాకాలంలో బీరువా తలుపు తియ్యగానే వాసన కొట్టడానికీ కారణం ఇదే.

అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలవాళ్లు 2010లో ఇంకో సంగతి బయటపెట్టారు. బట్టలకీ, గోడలకీ అంటుకున్న నికోటిన్ ఊరికే ఉండదట. ఇంటి గాలిలో ఉండే నైట్రస్ ఆమ్లంతో కలిసి, కాన్సరు కారకాలైన నైట్రోసమైన్లు అనే కొత్త పదార్థాలను తయారు చేస్తుందట. తాగేవాడు పీల్చేది మొదటి పొగ, పక్కనున్నవాళ్లు పీల్చేది రెండో పొగ అయితే, ఇలా వస్తువులకి అంటుకుని మిగిలేదాన్ని మూడోరకం పొగ అంటున్నారు. శాన్‌డియాగో నగరంలో పరిశోధకులు పొగ తాగేవాళ్లు ఖాళీ చేసిన ఇళ్లను పరీక్షించి 2011లో ప్రకటించిన దాని ప్రకారం, ఇల్లు సుమారు రెండు నెలలు ఖాళీగా ఉండి, శుభ్రం చేసి కొత్తవాళ్లకి ఇచ్చాక కూడా ఆ ఇంటి దుమ్ములో, గోడల మీద నికోటిన్ మిగిలే ఉంది.

మరి దీనివల్ల ఎక్కువ ఇబ్బంది ఎవరికి? చంటిపిల్లలకి. వాళ్లు మన భుజం మీద మొహం ఆనించి పడుకుంటారు, కాలరు నోట్లో పెట్టుకుని చప్పరిస్తారు, నేల మీద పాకి ఆ చేతులే నోట్లో పెట్టుకుంటారు. అందుకే నేను చెప్పబోయేదంతా వాసనని కప్పిపెట్టడం గురించి కాదు, పదార్థాన్ని బట్టలోంచి బయటికి పంపడం గురించి.

ముందు చెయ్యకూడనివి చెబుతాను, ఎందుకంటే ఇన్నాళ్లూ నేను చేసినవి అవే. సెంటు, పౌడరు చల్లడం దండగ. రెండు వాసనలు కలిసి మూడో వాసన పుడుతుంది. కలరా ఉండలు వేయడమూ అంతే. సాంబ్రాణి పొగ పట్టించడం మనకి అలవాటు, మంగళకరమే కాదనను, కాని పొగ మీద పొగ పట్టిస్తే మొదటి పొగ ఎక్కడికి పోతుంది? ఉతికిన చివర్లో బట్టలు మెత్తబడడానికి వాడే ద్రవం వాసన పూర్తిగా పోయేదాకా వాడకండి. అది పోగుల మీద పొరలా పరుచుకుని లోపలి వాసనని లోపలే ఉంచేస్తుంది. వాసన పోకుండా ఇస్త్రీ చేయవద్దు, డ్రయ్యరులో వేడి గాలికి ఆరబెట్టవద్దు. అన్నిటికంటే ముఖ్యం, ఆ బట్టని మాసిన బట్టల బుట్టలో మిగతావాటితో కలిపి కుక్కవద్దు. వాసన పక్కబట్టలకీ పాకుతుంది.

ఇక చెయ్యవలసినవి. ఏ బట్టకైనా మొదటి వైద్యం గాలి. విప్పిన చొక్కాని తలుపు వెనక కొక్కేనికి తగిలించకుండా, బయటికి తీసుకెళ్లి గట్టిగా నాలుగుసార్లు దులిపి దండెం మీద వేయండి. కనీసం మూడు నాలుగు గంటలు గాలి ఆడాలి. తెల్లనివీ, ముతక నూలువీ అయితే ఎండ తగిలితే మరీ మంచిది. రంగువి తిరగేసి వేయండి, పట్టూ ఉన్నీ నీడనే ఉంచండి. ఒక్కరోజు పొగలో తిరిగి వచ్చిన బట్టకి చాలాసార్లు ఈ గాలీ, ఆ తరవాత మామూలు ఉతుకూ సరిపోతాయి. మొండి వాసనకి మాత్రం వరస తప్పకుండా చెయ్యాలి.

నూలు బట్టల సంగతి చూద్దాం. చేపలు కడిగేటప్పుడు నీచు వాసన పోవడానికి మనం ఏం చేస్తాం? నిమ్మరసమో, చింతపండు పులుసో పోసి రుద్దుతాం. నీచు వాసనకి కారణమైన పదార్థం క్షారగుణం కలది, పులుపు తగిలితే విరిగి నీళ్లలో కలిసిపోతుంది. నికోటిన్ కూడా క్షారగుణం కలదే. దానికీ పులుపే మందు. అలాగని బట్టలకి చింతపండు పూసేరు, మరక పడుతుంది! నిమ్మరసం కూడా రంగు బట్టల్ని ఎండలో వెలిసిపోయేలా చేస్తుంది. కిరాణా కొట్లో దొరికే తెల్ల వెనిగర్ మంచిది. పది లీటర్ల గోరువెచ్చని నీళ్లలో ఒక గ్లాసు, అంటే సుమారు 200 మిల్లీలీటర్లు కలిపి, గాలి ఆడిన బట్టల్ని తిరగేసి అరగంట నుంచి గంటసేపు నానబెట్టండి. వెనిగర్ వాసన చూసి కంగారు పడవద్దు, ఆరేసరికి అది ఎగిరిపోతుంది.

తరవాత ఆ నీళ్లు పారబోసి, మంచినీళ్లలో ఒకసారి జాడించి, అప్పుడు సబ్బు పొడితో ఉతకాలి. "ముందే సబ్బు వేస్తే పోలేదా?" అంటారేమో. నికోటిన్‌కి పులుపు మందైతే, తారు జిడ్డుకి సబ్బు మందు. ఒకటి చేసే పని రెండోది చెయ్యదు. రెండూ వేరువేరుగా, ఒకదాని తరవాత ఒకటి జరగాలి. ఉతికాక చివరిసారి జాడించడానికి ముందు, బకెట్ నీళ్లలో అర కప్పు వంట సోడా కరిగించి పావుగంట ఉంచితే మిగిలిన కాస్త వాసనని అది పట్టుకుంటుంది. ఆపైన రెండుసార్లు మంచినీళ్లలో జాడించి పిండండి.

ఇక్కడ రెండు హెచ్చరికలు. మొదటిది, వెనిగరూ వంట సోడా ఒకే బకెట్లో కలపవద్దు. బుసబుసమని నురగ వస్తే ఏదో గొప్ప పని జరుగుతోందనిపిస్తుంది కాని, ఒకదాని బలాన్ని ఒకటి తినేసి ఆఖరికి ఉత్త నీళ్లే మిగులుతాయి. రెండోది, ఇది ప్రాణానికి సంబంధించింది. తెల్లబట్టలకి వాడే బ్లీచింగు ద్రవం గాని, బ్లీచింగు పౌడరు గాని వెనిగర్‌తో ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. తలుపులు మూసిన స్నానాలగదిలో అది చాలా ప్రమాదం.

పక్కగుడ్డలు, తువ్వాళ్లు, తెల్ల పంచెలు, బనీన్ల వంటి గట్టి నూలు బట్టలకైతే వేడినీళ్లు, బట్టల సోడా నిర్భయంగా వాడుకోవచ్చు. చేతులకి మాత్రం తొడుగులు వేసుకోండి.

పాలియెస్టరు, టెరీకాటను బట్టలు వేరే రకం. ఈ పోగులకి నీటితో కంటే జిడ్డుతో స్నేహం ఎక్కువ. అందుకే నూలు చొక్కా ఒక్క ఉతుకులో వదిలిన వాసనని టెరీకాటను చొక్కా రెండు ఉతుకులదాకా పట్టుకు కూర్చుంటుంది. వీటికి సబ్బే ముఖ్యం. బట్టలకి వాడే ద్రవ సబ్బుని కాలరుకీ, చంకలకీ, చేతి అంచులకీ, సిగరెట్ పెట్టె పెట్టుకునే జేబుకీ నేరుగా రాసి అరగంట వదిలేసి, గోరువెచ్చని నీళ్లలో ఉతకండి. వాసన మిగిలితే ఆరకముందే మరోసారి ఉతకండి. జేబు తిరగేసి పొగాకు పొడి దులపడం మరవకండి. వాసన పోవడం లేదని తలబాదుకునే చొక్కాల్లో చాలావాటికి దొంగ ఆ జేబులోనే ఉంటాడు.

ఉన్ని శాలువాలు, స్వెట్టర్లు, కోట్లు పొగని బాగా పీల్చుకుంటాయి, అస్తమానం ఉతకడానికీ లేదు. వీటిని రెండు రోజులు నీడలో గాలికి వేశాక, పాత దుప్పటి మీద పరిచి, పొడి వంట సోడాని జల్లెడతో పలచగా చల్లి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే బయటికి తీసుకెళ్లి మెత్తటి బ్రష్‌తో తుడిచి దులపండి. ముదురు రంగు కోటైతే ముందు లోపలి మడత మీద కాస్త చల్లి చూసుకోండి. ఇంకా వాసన ఉంటే ట్రంకు పెట్టెలో ఒక మూలగా కట్టెబొగ్గులు పలచటి గుడ్డలో మూటకట్టి పెట్టి, శాలువా వాటికి తగలకుండా ఉంచి మూతపెట్టండి. మూడు నాలుగు రోజుల్లో బొగ్గు చాలా వాసన లాగేస్తుంది. ఇవేవీ పనిచేయకపోతే డ్రైక్లీనింగుకే ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు "ఇది సిగరెట్ పొగ వాసన" అని చెప్పి ఇవ్వండి. చెప్పకపోతే మరక లేదు కదా అని పైపైన కానిచ్చేస్తారు.

పట్టుచీరలకి సోడా పనికిరాదు. పట్టు, ఉన్ని రెండూ జంతువుల నుంచి వచ్చే పోగులు, సోడా నీళ్లు వాటి మెరుపునీ మెత్తదనాన్నీ చెడగొడతాయి. జరీ ఉన్నచోట వెనిగర్ కూడా వద్దు, జరీ నల్లబడవచ్చు. పెళ్లినుంచి రాగానే చీరని మడత పెట్టెయ్యకుండా, ఇంట్లోనే గాలి ఆడేచోట విప్పి రెండు రోజులు వేలాడదీయండి, రోజుకొకసారి మడత మార్చండి. ఉతకదగిన పట్టయితే గోరువెచ్చని కుంకుడు రసంలో ముంచి, పిండకుండా నీళ్లు కారనిచ్చి నీడన ఆరేయండి. రంగు పోతుందేమో కొంగు చాటున ఒక మూల తడిపి చూసుకోవడం మంచిది. ఖరీదైన జరీచీరలైతే డ్రైవాషే క్షేమం.

అన్నీ అయ్యాయి, చొక్కా ఆరింది. వాసన పోయిందని ఎలా తెలుస్తుంది? ముక్కు దగ్గర పెట్టుకు చూస్తే తెలియదు. మన ముక్కు ఇంటి వాసనకి అలవాటు పడిపోయి ఉంటుంది. కాల్చేవాళ్ల ముక్కయితే మరీను. నేను చేసేదేమిటంటే, ఆరిన బట్టని మడిచి మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పెట్టి ఒక పూట వదిలేస్తాను. తరవాత కాసేపు వీధిలోకి వెళ్లి మంచిగాలి పీల్చి వచ్చి మూత తీస్తాను. లోపల ఏ కాస్త వాసన మిగిలినా మూత తియ్యగానే చెప్పేస్తుంది. మీ ముక్కు మీద మీకు నమ్మకం లేకపోతే పొరుగింటావిణ్ణి పిలవండి.

బట్ట ఒక్కటీ ఉతికితే సరిపోదు. పడకగది తెరలు, దిండుగలీబులు, సోఫా గుడ్డలు వాసనతో ఉంటే ఉతికిన చొక్కాకి మళ్లీ అంటిస్తాయి. బీరువా ఒకసారి ఖాళీ చేసి, లోపల పలచటి వెనిగర్ నీళ్లలో పిండిన గుడ్డతో తుడిచి, తలుపులు తెరిచి పూర్తిగా ఆరనివ్వండి. ఫ్యాను రెక్కలు, కిటికీ చువ్వలు తడిగుడ్డతో తుడవండి, గుడ్డకి పసుపుపచ్చని జిడ్డు వస్తుంది చూడండి. పసిపిల్లల పొత్తిగుడ్డలు మాత్రం ఈ బట్టలతో కలిపి నానబెట్టకండి, కలిపి మిషనులో వేయకండి.

ఇక మా ఇంటి కథ ఏమైందో చెప్పి ముగిస్తాను. మావారితో నేను వాదన పెట్టుకోలేదు. ఆయన ఆరోజు విప్పిన చొక్కాని రాత్రి స్టీలు డబ్బాలో పెట్టి మూత వేశాను. మర్నాడు ఆదివారం. నడకకి వెళ్లి వచ్చి, ఇంకా సిగరెట్ ముట్టించకుండా కూర్చున్నప్పుడు, "ఏమండీ, ఈ మూత ఒకసారి తియ్యండి" అని చేతికిచ్చాను. తీసి మొహం పక్కకి తిప్పుకున్నారు.

"ఇదేమిటి? ఎవరిదీ?" అన్నారు.

"మీదే. మన బుజ్జిగాడు రోజూ మొహం ఆనించి పడుకునేది దీనిమీదే" అన్నాను.

ఆయన ఏమీ అనలేదు. డబ్బా పట్టుకుని అలాగే చాలాసేపు కూర్చున్నారు. అప్పుడు నాకూ మనసు చివుక్కుమంది, ఇంత కటువుగా చెప్పాలా అని. సాయంత్రం ఆయనే వచ్చి, "ఆ పాత నీలం చొక్కా ఉందా?" అని అడిగారు. ఆ చొక్కా బాల్కనీలో మేకుకి తగిలించుకున్నారు. సిగరెట్ కాల్చాలంటే అది తొడుక్కునేవారు. లోపలికి వచ్చేముందు అది విప్పేసి, చేతులూ మొహమూ సబ్బుతో కడుక్కుని, ఉతికిన బనీను వేసుకుని, కాసేపు ఆగి గాని పిల్లాణ్ణి ముట్టుకునేవారు కాదు. జుట్టుకీ, ఊపిరికీ కూడా పొగ అంటుకుని ఉంటుంది కదా. ఇన్ని తతంగాలుంటే ఏ మనిషికైనా విసుగు పుడుతుంది. ఆ పది రోజుల్లో రోజుకి ఎనిమిది సిగరెట్లు కాస్తా మూడుకి వచ్చాయి.

పూర్తిగా మానేశారని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. ఇంకా మానలేదు, ప్రయత్నంలో ఉన్నారు. మానాలనుకునేవాళ్లకి సలహా చెప్పడానికి ప్రభుత్వంవారి ఉచిత ఫోను నంబరు ఒకటుంది, సిగరెట్ పెట్టె మీదే వేస్తారు: 1800-11-2356. ఆ నంబరు కాగితం మీద రాసి, మేకుకున్న ఆ నీలం చొక్కా జేబులోనే పెట్టాను. రెండుసార్లు ఫోను చేశారు కూడా.

సోదరీమణులారా, సెంటు చల్లితే వాసన ఒక్కటే దాగుతుంది, ఆ చొక్కా మీద తల ఆనించే పసివాడికి ఒరిగేదేమీ ఉండదు. వాసన పోగొట్టడానికి వెనిగరూ, సబ్బూ, సోడా, గాలీ ఉన్నాయి. వాటిని వరసగా వాడుకోండి. చొక్కా తొడుక్కునే మనిషికి మాత్రం నోటితోనే చెప్పాలి. కొత్తగా తల్లయిన పిల్ల నోరు విప్పి చెప్పలేదు, పెద్దవాళ్లం మనమే చెప్పాలి.

మొన్న సంక్రాంతికి మా అక్క కూతురు మళ్లీ వచ్చింది. పిల్లాడు ఇప్పుడు పాకడం మాని పరుగులు పెడుతున్నాడు. తాతగారి ఒళ్లోంచి దిగితే ఒట్టు. సాయంత్రం మాసిన బట్టలు ఏరుతూ వాడి చొక్కాలు లెక్కపెట్టాను. పొద్దుటిది ఒకటి, సాయంత్రానిది ఒకటి. రెంటికీ మట్టి వాసనే!